తప్పు ఆ నలుగురిదేనా?

రంజాన్ పండుగ గడిచిన తరువాత ఒక ఆదివారం గుంటూరు నుండి మా చెల్లెలు ఫోను చేసింది. కుశల ప్రశ్నలు పూర్తి కాకముందే ఆమె గొంతు మారింది. “భాయీజాన్, మీరొకసారి రావాలి. వీడు రాత్రి ఒంటిగంట దాకా కంప్యూటరు ముందు కూర్చుని ఎవరెవరినో తిడుతూనే ఉంటాడు. ఫజర్‌కు లేవడు. వాళ్ల అబ్బాతో మాట్లాడి పదిహేను రోజులైంది. ఒకే ఇంట్లో ఉంటూ తండ్రీకొడుకులు నాతో కబుర్లు పంపుకుంటున్నారు” అన్నది.

మా మేనల్లుడు ఇంజినీరింగు రెండవ సంవత్సరం చదువుతున్నాడు. నేను ముప్పై ఒక్క సంవత్సరాలు పాఠశాలలో లెక్కలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాడినని ఈ శీర్షిక చదివేవారికి తెలిసినదే. పిల్లలకు బుద్ధి చెప్పాలంటే బంధువులకు ముందుగా నేనే గుర్తుకు వస్తాను. ఈసారి మాత్రం వెళ్లగానే ఉపదేశం ప్రారంభించకూడదని నిశ్చయించుకున్నాను. చూడని దానిపై తీర్పు చెప్పడం న్యాయం కాదు. ఇషా నమాజు తరువాత వాడి గదిలోకి కుర్చీ తీసుకుపోయి పక్కన కూర్చున్నాను. “ఆడుకో బేటా, నేను చూస్తాను” అంటే వాడు కొంతసేపు నమ్మలేదు.

ఆ ఆట పేరు వాలరాంట్. అమెరికాకు చెందిన రయట్ గేమ్స్ అనే సంస్థ 2020 జూన్‌లో విడుదల చేసింది. ఐదుగురు ఒక పక్షం, ఐదుగురు మరో పక్షం. దాడి చేసేవారు నిర్ణీత స్థలంలో ఒక పేలుడు పరికరాన్ని అమర్చాలి, కాపలా కాసేవారు అడ్డుకోవాలి. పన్నెండు రౌండ్లు ముగిశాక పక్షాలు మారతాయి. ముందుగా పదమూడు రౌండ్లు గెలిచినవారిదే మ్యాచ్. ఇది తుపాకుల ఆట; చిన్న పిల్లల చేతికి ఇవ్వదగినది కాదన్న నా అభిప్రాయం ఆ రాత్రి చూసిన తరువాత కూడా మారలేదు. అయితే ఇందులో గురితో పాటు పొదుపు, పరస్పర సమాచారం, ఓర్పు అవసరమని కూడా నాకప్పుడే తెలిసింది.

ఆటగాళ్లకు శ్రేణులున్నాయి. అట్టడుగున ఐరన్, ఆ పైన బ్రాంజ్, సిల్వర్, గోల్డ్, ప్లాటినం, డైమండ్, అసెండెంట్, ఇమ్మోర్టల్, శిఖరాన రేడియెంట్. చివరిది తప్ప ప్రతి శ్రేణిలోనూ మూడేసి మెట్లు. మొత్తం ఇరవై ఐదు. దిగువ శ్రేణులలో ఒక మెట్టు ఎక్కడానికి వంద పాయింట్లు కావాలి; గెలిస్తే పెరుగుతాయి, ఓడితే తరుగుతాయి. మా వాడు ఏడు నెలలుగా ఐరన్‌లోనే ఉన్నాడు.

ఆ రాత్రి రెండు మ్యాచ్‌లు ఓడిపోయాడు. హెడ్‌ఫోను తీసి బల్లపై పడవేసి, “చూశారా మామూ, నా తప్పేమైనా ఉందా? నాకు దొరికే ఆ నలుగురూ పనికిమాలినవాళ్లు. వీళ్లతో ఎంత బాగా ఆడినా పైకి రాలేను” అన్నాడు. ఈ స్థితికి ఆటగాళ్ల లోకంలో ఒక పేరే ఉన్నదట: “ఎలో నరకం.” తమ ప్రతిభకు తగని అడుగు శ్రేణిలో, చేతగాని సహచరుల మధ్య చిక్కుకుపోయామని చెప్పుకునేవారి మాట అది.

ఆ పేరు వినగానే నాలోని లెక్కల మాస్టారు మేల్కొన్నాడు. ఎలో అంటే ఒక మనిషి. హంగరీలో పుట్టి అమెరికాలో భౌతికశాస్త్రం బోధించిన అర్పాద్ ఎలో. చదరంగం ఆటగాళ్ల బలాన్ని అంకెలలో కొలిచే పద్ధతిని ఆయన రూపొందించాడు. అమెరికా చదరంగ సమాఖ్య 1960లో, అంతర్జాతీయ సమాఖ్య 1970లో దానిని స్వీకరించాయి. ఇద్దరి మధ్య 200 పాయింట్ల తేడా ఉంటే, బలవంతుడికి నూరింట డెబ్బై ఆరు వంతుల ఫలితం దక్కుతుందని ఆ లెక్క అంచనా వేస్తుంది. ఊహించిన దానికంటే బాగా ఆడితే అంకె పెరుగుతుంది, తక్కువగా ఆడితే తగ్గుతుంది. నేటి ఆన్‌లైన్ ఆటల శ్రేణులకు మూలమైన ఆలోచన ఇదే.

“బేటా, ఒక చిన్న లెక్క చేద్దాం” అన్నాను. “నీ పక్షంలో ఒక స్థానం నీది. తక్కినవి నాలుగు. ఎదుటి పక్షంలో ఐదు స్థానాలూ అపరిచితులవే. పనికిమాలినవాడు చేరడానికి ఎక్కడ ఎక్కువ చోటున్నది?” వాడు కొంచెం ఆలోచించి, “అటువైపే” అన్నాడు. “అయితే నువ్వు నిజంగా ఈ శ్రేణిని మించినవాడివైతే, మొత్తం మీద నీ పక్షానిదే పైచేయి కావాలి కదా? ఒక్క మ్యాచ్‌లో సహచరుల వల్ల ఓడిపోవచ్చు, అది నేనూ ఒప్పుకుంటాను. ఏడు నెలలలో ఆ నలుగురూ వందలసార్లు మారారు. మారనివాడు ఎవరు?”

వాడు జవాబు చెప్పలేదు. నేనూ రెట్టించలేదు. మరునాడు ఉదయం బజారుకు వెళ్లి ఒక నూరు పేజీల నోటు పుస్తకం తెచ్చి ఇచ్చాను. నియమం ఒక్కటే: ఓడిన ప్రతి మ్యాచ్ తరువాత ఒక వాక్యం రాయాలి. ఆ వాక్యంలో ఇతరుల ప్రస్తావన ఉండకూడదు; తాను చేసిన మొదటి పొరపాటు మాత్రమే ఉండాలి. మా బావగారు మిర్చి యార్డులో ఒక కమీషన్ దుకాణంలో లెక్కలు రాస్తారు. “మీ అబ్బా రోజూ చిట్టా రాస్తారు చూడు, ఇదీ అలాంటిదే. ఇందులో ఎదుటివాడి బాకీలు రాయకు, నీవి మాత్రమే రాయి” అన్నాను.

మూడు వారాల తరువాత మళ్లీ గుంటూరు వెళ్లినపుడు ఆ చిట్టా చూపించాడు. అందులోని పొరపాట్లు ముఖ్యంగా మూడు రకాలు.

మొదటిది తొందరపాటు. సహచరులు పొగ తెర వేసి దారి కప్పకముందే ఒంటరిగా లోనికి దూసుకుపోవడం, అందరికంటే ముందు పడిపోవడం. నలుగురు ఐదుగురితో పోరాడవలసి రావడానికి కారణం తానే. పరుగెత్తుతూ కాల్చితే తూటా గురి తప్పుతుందనీ, ఆగి కాల్చాలనీ తెలిసి కూడా పరుగు ఆపలేదట.

రెండవది దుబారా. ఈ ఆటలో ప్రతి రౌండుకు ముందు ఆయుధాలు కొనుక్కోవాలి. రౌండు గెలిస్తే ఒక్కొక్కరికి 3,000 క్రెడిట్లు వస్తాయి. ఓడితే 1,900, వరుసగా రెండవసారి ఓడితే 2,400, ఆ పైన 2,900. మంచి తుపాకి ఒకటి 2,900, పెద్ద కవచం 1,000. అంటే పూర్తిగా సిద్ధం కావాలంటే 3,900 కావాలి. చేతిలో సొమ్ము లేనపుడు ఐదుగురూ కలిసి ఒక రౌండు పొదుపు చేసి, తరువాతి రౌండులో కలిసి కొనాలి. మా వాడు నలుగురూ పొదుపు చేస్తున్నపుడు తానొక్కడే కొనేవాడు, అందరూ కొన్నపుడు ఖాళీ చేతులతో నిలబడేవాడు. ఇది చదివి నాకు నవ్వు వచ్చింది. ఉమ్మడి కుటుంబాలు ఎన్ని ఇలాగే చితికిపోలేదు?

మూడవ రకం పొరపాటు ఒక పేజీలో ఇలా ఉన్నది: “వాడిని తిట్టాను. ఆ తరువాత వాడు మాట్లాడటం మానేశాడు. శత్రువులు వాడి వైపు నుండే వచ్చారు. వాడు చూశాడు, చెప్పలేదు.”

ఈ ఆటలో ఎవరికీ మైదానమంతా కనిపించదు. ఎటు నుండి ఎందరు వస్తున్నారో సహచరులు చెబితేనే తెలుస్తుంది. తిట్లు తిన్నవాడు నోరు మూసుకుంటాడు. అతడు నోరు మూసుకుంటే తిట్టినవాడికే ఒక కన్ను పోతుంది.

ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివాను. వాడు నా వైపు చూడకుండా, “మామూ, ఒక విషయం అమ్మీకి కూడా చెప్పలేదు” అన్నాడు. మొదటి సంవత్సరంలో రెండు సబ్జెక్టులు తప్పాడట. ఆరు నెలలుగా దాచాడు. “ఎందుకు చెప్పలేదు?” అన్నాను. “చెబితే అబ్బా ఏమంటారో తెలుసు. ఏ విషయం చెప్పినా ముందు తిట్టు, తరువాత ప్రశ్న. అందుకే చెప్పడం మానేశాను” అన్నాడు.

ఆ రాత్రి భోజనమయ్యాక బావగారిని డాబా మీదికి తీసుకువెళ్లి నోటు పుస్తకంలోని ఆ పేజీ చూపించాను. ఆటల సంగతి ఆయనకు తెలియదు కాబట్టి ఆ వాక్యానికి అర్థం వివరించాను. ఆయన చాలాసేపు మౌనంగా ఉండి, “నేను తిట్టినది వాడి మేలు కోసమే కదా” అన్నారు. “వాడు సహచరుడిని తిట్టినది కూడా గెలుపు కోసమే” అన్నాను. తప్పిన సబ్జెక్టుల సంగతి నేను చెప్పలేదు. అది వాడు చెప్పవలసినది. వాడు చెప్పేటపుడు మొదటి మాట తిట్టు కాకుండా ఉండాలని మాత్రమే కోరాను. మరునాడు వాడు చెప్పాడు. గది బయట మా చెల్లెలు తస్బీహ్ పట్టుకుని కూర్చున్నది. లోపల అరుపులు వినిపించలేదు. కొంతసేపటికి బావగారు బయటకు వచ్చి, “సప్లిమెంటరీ ఫీజు ఎప్పటిలోగా కట్టాలో కనుక్కో” అన్నారు. ఆ మాట ఆయన నేరుగా కొడుకుతోనే అన్నారు.

ఇది చదివి, ఆట ఆడితే పిల్లలు బాగుపడతారని ఎవరూ అనుకోవద్దు. బాగుచేసినది తన తప్పు తాను లెక్క చూసుకోవడం. మన పెద్దలు దానినే ముహాసబా అన్నారు. ఆటకయ్యే ఖరీదు కూడా లెక్క కట్టవలసిందే. వాడి ముందు అదీ కాగితంపై వేశాను. నూరు మ్యాచ్‌లలో యాభై ఐదు గెలిచాడనుకుందాం. అది మంచి ఫలితమే. గెలుపుకు ఇరవై వచ్చి, ఓటమికి ఇరవై పోతాయనుకుంటే నికరంగా మిగిలేవి పది గెలుపులు, అంటే రెండువందల పాయింట్లు, రెండు మెట్లు. మ్యాచ్‌కు ముప్పై ఆరు నిమిషాల చొప్పున నూరు మ్యాచ్‌లకు అరవై గంటలు. ఆ అరవై గంటలలో తప్పిన సబ్జెక్టు ఒకటి మొదటి నుండి చివరి దాకా చదవవచ్చు. అంతేకాదు, నూటికి యాభై ఐదు గెలిచేవాడు కూడా మూడు మ్యాచ్‌లు ఆడితే ఆ మూడూ ఓడే అవకాశం పదకొండింట ఒకటి ఉంటుంది. అటువంటి రాత్రి పోయినవి రాబట్టాలని కూర్చుంటే, అలసిన చేయి, మండే మనసు మరికొన్ని పోగొడతాయి.

ఇంట్లో ఇటువంటి ఆటలు ఆడే యువకులున్న తల్లిదండ్రులకు, నేను నేర్చుకున్న నాలుగు మాటలు చెబుతాను.

ఈ మ్యాచ్‌ను మధ్యలో ఆపడం కుదరదు. మధ్యలో వదిలి వెళితే ఆటగాడికి శిక్ష పడుతుంది, తక్కిన నలుగురూ నష్టపోతారు. కాబట్టి అన్నానికి పిలిచి, రాలేదని తీగ పీకడం కంటే, నలభై నిమిషాల ముందే “ఇక కొత్తది మొదలుపెట్టకు” అని చెప్పడం మేలు. గంటల లెక్క పెట్టే బదులు మ్యాచ్‌ల లెక్క పెట్టండి. వరుసగా రెండు ఓడితే ఆ రోజుకు చాలు అన్న నియమాన్ని వాడిచేతనే రాయించండి.

దూషించే సహచరుడి గొంతు వినిపించకుండా చేసే వీలు ఆటలోనే ఉన్నది. దానికి బదులు తిట్టడం అవసరం లేదని నేర్పండి. మైకులో వినబడే అపరిచితుడు కూడా ఏదో ఒక తల్లి బిడ్డే.

సొమ్ము సంగతి చూడండి. ఈ ఆట ఉచితమే, కానీ తుపాకులకు రంగురంగుల అలంకరణలు అమ్ముతారు. అవి బలాన్నేమీ పెంచవు. డబ్బు పణంగా పెట్టే ఆన్‌లైన్ ఆటలు వేరు. వాటిని నిషేధిస్తూ 2025 ఆగస్టులో మన పార్లమెంటు చట్టం చేసింది. మన ఇళ్లలో అవి చట్టానికి ముందు నుండే నిషిద్ధం.

ఆటపై అదుపు తప్పడం, చదువును, నిద్రను, ఆత్మీయులను దానికి బలి ఇవ్వడం, నష్టం కళ్లెదుట కనిపిస్తున్నా మానలేకపోవడం, ఇవి సాధారణంగా సంవత్సరం పాటు కొనసాగితే ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని రుగ్మతగా గుర్తించింది. 2022 జనవరి నుండి అమలులో ఉన్న వ్యాధుల వర్గీకరణలో అది చేరింది. అటువంటి స్థితిలో కోపం పనిచేయదు; వైద్యుడిని సంప్రదించడంలో సిగ్గుపడవలసినది లేదు.

ఇప్పుడు మా మేనల్లుడు రోజుకు రెండు మ్యాచ్‌లు ఆడుతున్నాడు, పరీక్షల నెలలో అవి కూడా లేవు. ఐరన్ నుండి బ్రాంజ్‌కు వచ్చాడు. గొప్ప ఎత్తేమీ కాదు, ఇంకా అడుగునుండి రెండవ శ్రేణే. తప్పిన సబ్జెక్టులలో ఒకటి పూర్తయింది, ఒకటి మిగిలి ఉన్నది. ఫజర్‌కు కొన్ని రోజులు లేస్తున్నాడు, కొన్ని రోజులు లేపవలసి వస్తున్నదని మా చెల్లెలు చెబుతున్నది.

నా సంగతి కూడా చెప్పి ముగిస్తాను. ముప్పై ఒక్క సంవత్సరాలలో ఎన్నోసార్లు, ఫలితాలు రాగానే “ఈ ఏడు పిల్లలు మంచివాళ్లు రాలేదు” అని ఉపాధ్యాయుల గదిలో అన్నాను. ఏటా పిల్లలు మారారు, మాస్టారు మారలేదు. ఆ నోటు పుస్తకం కొన్న రోజున దుకాణదారుడిని రెండు పుస్తకాలు అడిగి ఉంటే బాగుండేదని ఇప్పుడనిపిస్తున్నది.