మోకాలికి మాటిమాటికీ ఇంజెక్షనా?

“మూడు నెలలకోసారి ఒంగోలు వెళ్ళి మోకాలిలో స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేయించుకుంటున్నాను. ఇలాగే చేయించుకోవచ్చా?” అని కొత్తపట్నం సోదరి అడుగుతున్నారు.

ఇదే సంగతి అమెరికాలో బోస్టన్ వైద్యులు పరీక్షించి 2017లో ఫలితాలు ప్రకటించారు. మోకాళ్ళు అరిగిన 140 మందిలో సగం మందికి స్టెరాయిడ్, మిగతావారికి ఉత్త సెలైన్, 12 వారాలకోసారి 2 ఏళ్ళపాటు ఇచ్చారు. ఎవరికేది ఇచ్చారో వాళ్ళకి తెలియనివ్వలేదు. చివరికి చూస్తే నొప్పి తగ్గడంలో పెద్ద తేడా లేదు! పైగా స్టెరాయిడ్ వాళ్ళకే కీలులో గుజ్జు ఎక్కువ అరిగింది.

బాగా వాచినప్పుడు ఒక ఇంజెక్షన్‌తో కొన్ని వారాలు హాయిగా ఉంటుంది, కాదనను. క్యాలెండర్ చూసుకుని చేయించుకునేది మాత్రం కాదమ్మా. షుగరుంటే మరీ జాగ్రత్త, కొద్దిరోజులు పెరుగుతుంది. తొడ కండరాలకి వ్యాయామం చెప్పమని డాక్టరుగారిని అడగండి. మిరపకాయల తొడిమలు తీసేటప్పుడు గొంతుక్కూర్చోకుండా ఎత్తుపీట వేసుకోండి.