ఆకు మీద నత్రజని: ముందు పరీక్ష, ఆ తర్వాతే అమ్మకం

2025 వానాకాలంలో యూరియా బస్తా కోసం తెలంగాణ రైతులు తెల్లవారకముందే సహకార సంఘాల ముందు బారులు తీరారు. చెప్పులు, పట్టాదారు పాసుపుస్తకాలు వరుసలో పెట్టి గంటల తరబడి వేచి ఉన్నారు.   

యూరియాతో పైరుకు అందేది నత్రజని. గాలిలో 78 శాతం నత్రజనే అయినా పైరు దాన్ని నేరుగా తీసుకోలేదు. అమ్మోనియాగా మార్చాలంటే కర్మాగారంలో 400 డిగ్రీల వేడి, విపరీతమైన పీడనం, సహజవాయువు కావాలి. కొన్ని సూక్ష్మజీవులు ఆ పనిని మామూలు వాతావరణంలోనే చేస్తాయి. వాటిని ఆకులపై పిచికారీ చేస్తే యూరియా తగ్గించుకోవచ్చంటూ కొన్ని దేశాల్లో కంపెనీలు సీసాలు అమ్ముతున్నాయి. యూరియా కరవు చూసిన రైతును ఈ మాట సులువుగా ఆకట్టుకుంటుంది. అందుకే నిజానిజాలు ముందే తేలాలి.

దీని వెనుక శాస్త్రం ఉంది. ఇండోనేషియాలో చెట్ల ఆకులపై నత్రజనిని స్థిరీకరించే బ్యాక్టీరియా ఉందని 1956లోనే జాకోబా రూయినెన్ నమోదు చేశారు. ఆకులు పెరిగేటప్పుడు వెలువడే మిథనాల్‌ను తిని బతికే మిథైలోబ్యాక్టీరియం ఇప్పుడు ప్రధాన ఆకర్షణ. ఈ జాతికి చెందిన గులాబీ రంగు బ్యాక్టీరియాను పైరు బెట్టను తట్టుకోవడానికి పిచికారీ చేయమని కోయంబత్తూరులోని తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం సిఫార్సు చేస్తోంది. బెట్టను తట్టుకోవడం వేరు, యూరియాకు బదులుగా నిలవడం వేరు. మన వరి మడుల్లోని అజొల్లా ఆకుల లోపలి గదుల్లో అనబీనా అనే సూక్ష్మజీవి నత్రజనిని స్థిరీకరిస్తుంది. అక్కడ దానికి రక్షణ, తిండి రెండూ దొరుకుతాయి.

ఆకు బయటి వైపు ఆ వసతి లేదు. నత్రజనిని మార్చే ఎంజైము ఆక్సిజన్ తగిలితే పాడవుతుంది. ఆ పనికి శక్తి కూడా చాలా కావాలి. కంది, వేరుశనగ వేరు బుడిపెల్లో రైజోబియం బ్యాక్టీరియాకు మొక్కే చక్కెరలిస్తుంది, ఆక్సిజన్‌ను అదుపులో ఉంచుతుంది. ఆకుపైన ఎండ, పొడిగాలి, వానల్లో పిచికారీ చేసిన జీవి నిలవడం కష్టం. ఇక అవసరమెంతో చూడండి. 45 కిలోల బస్తాలో 20.7 కిలోల నత్రజని ఉంటుంది. ఎకరా వరికి అలాంటివి దాదాపు రెండు బస్తాలు కావాలి. అందులో పావు వంతు భర్తీ చేయాలన్నా ఆకు మీది జీవి పది కిలోలు తేవాలి.

అమెరికా అనుభవం హెచ్చరికే. అక్కడి ఉత్తర మధ్య రాష్ట్రాల విశ్వవిద్యాలయాలు ఆకులపై, విత్తనానికి, సాళ్లలో వాడే ఇలాంటి ఉత్పత్తులను మొక్కజొన్న, గోధుమ వంటి పైర్లపై పరీక్షించి 2023లో ఫలితాలు ప్రకటించాయి. 61 ప్రయోగాల్లో రెండింటిలోనే దిగుబడి పెరిగింది.

మన దేశం 2006లో సూక్ష్మజీవులతో చేసే జీవన ఎరువులను ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చింది. ద్రవ రూపంలో మిల్లీలీటరుకు కనీసం 10 కోట్ల జీవకణాలుండాలి. అవి బతికున్నాయనడానికే ఆ లెక్క పనికొస్తుంది. ఎకరాకు ఎన్ని కిలోల నత్రజని ఇస్తాయో అది చెప్పదు. పైగా మే ఎండల్లో రేకుల షెడ్డులో నిల్వ ఉన్న సీసాలో ఎన్ని కణాలు మిగులుతాయో దుకాణంలోనే చూడాలి.

ఈ సీసాలను పొలంలో పరీక్షించడానికి హైదరాబాద్‌ను మించిన చోటు లేదు. రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం, వరి పరిశోధన సంస్థ ఉన్నాయి. పటాన్‌చెరులో 1972 నుంచి ఇక్రిశాట్ ఉంది. యూరియా లేకుండా, సగం, పూర్తి మోతాదుల్లో, ఒక్కోటి పిచికారీతోనూ అది లేకుండానూ మూడు సీజన్లు పరీక్షించి, ఫలితాలను తెలుగులో ప్రకటించాలి. ఆలోగా సీసా మీది మాట నమ్మి రైతులు యూరియా తగ్గించకూడదు. జీలుగ, జనుము పెంచి కలియదున్నడం, పప్పుధాన్యాల విత్తనానికి రైజోబియం పట్టించడం ఇప్పటికే రుజువైన దారులు. కొత్త సీసా పరీక్షకయ్యే ఖర్చు కంపెనీలు, ప్రభుత్వం భరించాలి. తగ్గిన దిగుబడి రూపంలో దాన్ని రైతు నెత్తిన వేయడం అన్యాయం.