గడపకు పూసే పసుపు రంగు

పండుగకు పండుగకు పసుపు రాసే శ్రమ ఎందుకని గడపలకు పసుపు ఎనామిల్ పూయించడం మనకు అలవాటైంది. డబ్బాపై ఏమి రాసి ఉందో చూసినవారెందరు? ఆ పసుపు వన్నె కొన్ని రంగుల్లో లెడ్ క్రోమేట్ వల్ల, అంటే సీసం వల్ల వస్తుంది.

"ఎన్నేళ్లుగానో పూస్తున్నాం, ఎవరికేమైంది డాక్టరుగారూ?" అంటారు. సీసం జ్వరంలా బయటపడదు. పాకే బిడ్డ పెచ్చులూడిన గడప పట్టుకుని, ఆ చేతినే నోట్లో పెట్టుకుంటాడు. పెద్దలకంటే పిల్లల పేగులు సీసాన్ని నాలుగైదు రెట్లు అధికంగా గ్రహిస్తాయి. అది మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. పదేళ్ల తరువాత చదువు అబ్బలేదని ఆ బిడ్డనే నిందిస్తాం. సీసానికి 'ఇంతవరకు ఫరవాలేదు' అనే మోతాదు లేదు.

ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం మించరాదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు 1 నుంచి అమలులో ఉంది. ఆ సంగతి డబ్బాపై ముద్రించి ఉండాలి. ముద్రణ లేని డబ్బా ఎంత చవకైనా కొనకండి. పాత రంగును పొడిగా గీకించకండి. తడిపి గీకించి, రాలినదాన్ని తడిగుడ్డతో ఎత్తించండి. ఆ పని ముగిసేవరకు గర్భిణులను, పిల్లలను ఇంట ఉంచకండి.

షేడ్ కార్డు ముందు గంటసేపు తర్జనభర్జన పడే మనం, డబ్బాపై ఒక్క వాక్యం చదవడానికి నిమిషం కేటాయించలేమా?