కొత్త చిరునామాకు కాపలా ఏదీ?

హాస్టళ్లు, స్టడీ హాళ్ల నెట్‌వర్క్‌లలో ఐపీవీ6ను విస్మరిస్తే చిక్కులే

చిక్కడపల్లి, నారాయణగూడ: పోటీ పరీక్షల అభ్యర్థులకు నెలవైన అశోక్‌నగర్‌లో చదువు ఇప్పుడు పుస్తకంతోపాటు వైఫైతోనూ ముడిపడింది. దరఖాస్తు మొదలు హాల్‌టికెట్‌ వరకు అన్నీ ఆన్‌లైన్‌లోనే. హాస్టళ్లు, స్టడీ హాళ్లలో ఒకే కనెక్షన్‌ను పదుల మంది పంచుకోవడం మామూలే. వారందరినీ కలిపేది ఓ చిన్న పెట్టె.. నెట్‌వర్క్‌ స్విచ్‌. ఇంటర్నెట్‌ చిరునామాలు మారినా దీని నిర్వహణ పాత పద్ధతిలోనే మిగిలిపోతే నష్టపోయేది అభ్యర్థులే.

నిండుకున్న పాత నిల్వ

32 బిట్ల ఐపీవీ4 విధానంలో చిరునామాలు సుమారు 430 కోట్లు. వాటి ప్రపంచ స్థాయి నిల్వ 2011 ఫిబ్రవరి 3న అడుగంటింది. దీనికి ప్రత్యామ్నాయమే 128 బిట్ల ఐపీవీ6. కేంద్ర టెలికాం శాఖ 2010లోనే మార్గసూచీ విడుదల చేసింది. 2016 సెప్టెంబరులో జియో 4జీ రాకతో మొబైళ్లలో వాడకం ఒక్కసారిగా పెరిగింది. 2022 డిసెంబరు 31 తర్వాత ఇచ్చే కొత్త వైర్‌లైన్‌ కనెక్షన్లన్నీ ఐపీవీ6కు అనువుగా ఉండాలని ఆ శాఖ గడువు విధించింది.

పెరటి తలుపు తెరిచే..

సాధారణ స్విచ్‌ ఐపీ చిరునామాతో నిమిత్తం లేకుండానే డేటాను చేరవేస్తుంది. నేటి ఫోన్లు, ల్యాప్‌టాప్‌లలో ఐపీవీ6 ముందే పనిచేస్తుంటుంది. కాబట్టి యజమానికి తెలియకుండానే కొత్త రాకపోకలు సాగిపోతాయి. ఆంక్షల జాబితాలు మాత్రం రెండింటికీ వేర్వేరు. ఐపీవీ4కే నిబంధనలు రాసి ఊరుకుంటే వీధి తలుపుకు తాళం వేసి పెరటి తలుపు తెరిచి ఉంచినట్లే. ఎవరి ల్యాప్‌టాప్‌ అయినా ‘రూటర్‌ను నేనే’ అని ప్రకటిస్తే మిగతావారి డేటా దాని మీదుగా మళ్లే ప్రమాదముంది. అప్పుడు మాక్‌ టెస్టు మధ్యలో నెట్‌ ఆగినా, పాత చిరునామాలనే చూసే నిర్వహణ సాఫ్ట్‌వేర్‌లో అంతా సవ్యంగానే కనిపిస్తుంది.

పరికరాల వెతుకులాటలోనూ తేడా ఉంది. 256 చిరునామాలుండే పాత సబ్‌నెట్‌ను వరసగా తట్టి చూడటం నిమిషాల పని. ఐపీవీ6 సబ్‌నెట్‌ ఒక్కదానిలోనే 1.84 లక్షల కోట్ల కోట్ల చిరునామాలుంటాయి. వరసగా వెతకడం అసాధ్యం. రూటర్‌లోని పొరుగు పరికరాల పట్టికే ఆధారం.

ఏం చేయాలి?

* స్విచ్‌కు ఐపీవీ6 నిర్వహణ చిరునామా కేటాయించాలి. బ్రౌజర్‌లో దాన్ని చదరపు బ్రాకెట్ల మధ్య టైపు చేస్తేనే పేజీ తెరుచుకుంటుంది.

* నిర్వహణ పేజీ విద్యార్థుల వైఫైకి అందకుండా ప్రత్యేక వీలాన్‌లో ఉంచాలి.

* దొంగ రూటర్‌ ప్రకటనలను ఆపే ‘ఆర్‌ఏ గార్డ్‌’ను ఆన్‌ చేయాలి. చౌక అన్‌మేనేజ్డ్‌ స్విచ్‌లలో ఈ సదుపాయం ఉండదు.

* కొనేముందు ఐపీవీ6 డేటాను దాటిస్తుందా అని అడిగితే చాలదు. లాగిన్‌, ఎస్‌ఎన్‌ఎంపీ, లాగ్‌లు కూడా దానిపై నడుస్తాయా అని ఆరా తీయాలి.

ఐపీవీ6ను ఆపేయడం తేలికే. అయితే ఒకే పాత చిరునామాను అందరూ పంచుకుంటే ఒకరి తప్పుకు వెబ్‌సైట్లు అందరినీ అడ్డుకునే ముప్పు ఉంటుంది. దరఖాస్తు గడువు చివరి రోజున ఆ మూల్యం చెల్లించేది స్విచ్‌ యజమాని కాదు, ఏళ్ల తరబడి చదివిన అభ్యర్థి.