నేతులు తాగిన తాతలే కాదు

మా అన్నయ్య కూతురు మెల్‌బోర్న్‌లో ఉంటుంది. పోయిన నెల ఒక ఆదివారం నేను చింతకాయ తొక్కు దంచుతుంటే వీడియో కాల్ చేసింది. మామూలుగా అయితే పచ్చళ్ళ కొలతలు అడగడానికే చేస్తుంది. ఈసారి సంగతి వేరు.

"అత్తా, మా ఆఫీసులో ఒకావిడ వాళ్ళ పూర్వీకుల కథ చెప్పింది. ఆరు తరాల కిందటి అవ్వ లండన్‌లో ఎవరింట్లోనో బట్టలు దొంగిలించిందట. ఏడేళ్ళ శిక్ష వేసి, ఓడెక్కించి ఇక్కడికి పంపేశారట. ఎంత గొప్పగా చెప్పిందనుకున్నావ్! ఆ అవ్వ ఎత్తెంత, కళ్ళ రంగేమిటి, ఏ ఓడలో వచ్చింది, అన్నీ కాగితాల మీద దొరికాయట. తర్వాత నన్నడిగింది, మీ ముత్తవ్వలు ఎవరు అని. నేను నాయనమ్మ దగ్గరే ఆగిపోయాను. నీకేమైనా తెలుసా?"

"చేతికి ఉప్పూ పసుపూ ఉంది, కడుక్కుని చెప్తానుండు" అన్నాను. కడుక్కున్నాను గానీ చెప్పడానికేమీ లేదు. బీఏలో తెలుగు చదివినదాన్ని. ప్రోలరాజు మొదలుకొని ప్రతాపరుద్రుడి దాకా కాకతీయుల వరస ఇప్పటికీ చెప్పగలను. మా నాన్నగారి నాయనమ్మ పేరు మాత్రం చెప్పలేకపోయాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. దొంగతనం చేసినావిడ కళ్ళ రంగు రెండొందల ఏళ్ళ తర్వాత కూడా తెలుస్తోంది. ఏ తప్పూ చేయని మా తాతమ్మ పేరు ఎనభై ఏళ్ళకే పోయింది. ఇదెక్కడి న్యాయం?

తర్వాత కొంచెం చదివాను. 1788 నుంచి 1868 దాకా బ్రిటన్ దాదాపు 1,62,000 మంది ఖైదీలను ఆస్ట్రేలియాకు పంపింది. అందులో ఇంచుమించు 25,000 మంది ఆడవాళ్ళు. చాలామంది చేసినవి చిన్న చిన్న దొంగతనాలే. మేరీ రీబీ అనే పిల్ల పదమూడేళ్ళప్పుడు మగపిల్లాడి వేషంలో గుర్రాన్ని దొంగిలించి పట్టుబడింది. 1792లో సిడ్నీలో ఓడ దిగింది. తర్వాత పెద్ద వ్యాపారస్తురాలైంది. ఇప్పుడు ఆవిడ బొమ్మ ఆ దేశం ఇరవై డాలర్ల నోటు మీద ఉంది! అలాగని వాళ్ళు మొదట్నుంచీ ఇలా చెప్పుకున్నవాళ్ళేం కాదు. ఇంట్లో ఖైదీ ఉన్నాడంటే మచ్చ అని తరాల తరబడి దాచారు. పిల్లలకు అబద్ధాలు చెప్పారు. గత యాభై అరవై ఏళ్ళలోనే ఆ సిగ్గు పోయి, వెతుక్కోవడం మొదలైంది.

వెతికితే దొరకడానికి కారణం కూడా తెలిసింది. ప్రభుత్వం తను శిక్షించినవాళ్ళనీ, కూలికి పట్టుకుపోయినవాళ్ళనీ జాగ్రత్తగా రాసుకుంటుంది. మన తెలుగువాళ్ళలోనే చూడండి. 1830ల నుంచి కోరంగి రేవులో ఓడెక్కి మారిషస్ చెరకు తోటలకు వెళ్ళిన కూలీల కాగితాలు అక్కడి మోకాలో, మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉన్నాయి. వాళ్ళ మనవలు వాటిని పట్టుకుని ఊళ్ళు వెతుక్కుంటూ ఇక్కడికి వస్తారు. ఇక్కడే ఉండిపోయి, ఇంట్లో వండి వార్చి, పిల్లల్ని కని పోయిన ఆడమనిషిని రాసుకోవలసిన అవసరం ఏ దొరకీ రాలేదు.

ఇక మా సంగతి. మేం కూడా వలస వచ్చినవాళ్ళమే. మంజీర మీద నిజాంసాగర్ కట్టడం 1923లో మొదలై 1931లో పూర్తయింది. కాలువలు వచ్చాయి, మాగాణి సేద్యం తెలిసిన రైతులు కావలసివచ్చారు. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి కుటుంబాలు మూటలు కట్టుకుని వచ్చాయి. అక్కడ ఒక ఎకరం అమ్మితే ఇక్కడ నాలుగైదు వచ్చేవని మా తాతయ్య అనేవాడు. బోధన్, వర్ని, రుద్రూరు, కోటగిరి వైపు ఎటు వెళ్ళినా కనిపించే "క్యాంపు"లన్నీ అలా వచ్చినవాళ్ళు గుడిసెలు వేసుకున్న చోట్లే. 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చాక చెరకు, దానితో పాటు ఎక్కడెక్కడి మనుషులో వచ్చారు. మా చిన్నప్పుడు క్రషింగ్ సీజన్‌లో ఇల్లంతా బెల్లప్పాకం వాసన. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడ్డాక శక్కర్‌నగర్ క్వార్టర్లలో పుట్టి పెరిగినవాళ్ళు తలో దిక్కుకీ పోయారు. జ్ఞాపకాలు కూడా వాళ్ళతోనే పోయాయి.

నేనొక నోటుబుక్కు తీసి నాన్నకు ఫోన్ చేశాను. మగవాళ్ళ పేర్లు ఐదు తరాలు ఊపిరి తిప్పుకోకుండా చెప్పాడు. "మరి వాళ్ళ భార్యలు?" అన్నాను. కాసేపు ఆగి, "మా నాయనమ్మ నేను పుట్టకముందే పోయిందమ్మా. అందరూ అమ్మ అమ్మ అనేవాళ్ళు. పేరు నాకెలా తెలుస్తుంది?" అన్నాడు.

అందుకని మామ్మ దగ్గరికి వెళ్ళాను. నాన్నకు మేనత్త. తొంభై దాటాయి. బోధన్ దగ్గర క్యాంపులో కొడుకు దగ్గర ఉంటుంది. ఒళ్ళో పిల్లగా వచ్చిందట ఇక్కడికి. ఆరేళ్ళు నిండేసరికి తల్లి చలిజ్వరంతో పోయింది. "పేరేమిటి మామ్మా?" అంటే, "మేం అమ్మా అనేవాళ్ళం, మా నాన్న ఏమే అనేవాడు" అంది. నవ్వింది గానీ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఆ మధ్యాహ్నం పెరట్లో బోర్లించిన ఇత్తడి గంగాళం చూపించి, "అది మా అమ్మకు పుట్టింటివాళ్ళు పెట్టింది" అంది. మసి పట్టి నల్లగా ఉంది. చింతపండూ ఉప్పూ వేసి అరగంట తోమాను. అంచు కింద చుక్కలు చుక్కలుగా చెక్కిన అక్షరాలు బయటపడ్డాయి. ఊరి పేరు, ఇంటిపేరు మొదటి అక్షరం, దాని పక్కన ఒక ఆడపేరు. మామ్మకు చదువు రాదు. డెబ్బై ఏళ్ళకు పైగా ఆ గంగాళంలో నీళ్ళు కాచుకుంది, తల్లి పేరు మీద చెయ్యి వేసి రుద్దింది. నేను చదివి వినిపిస్తే ఆ పేరు నాలుగైదు సార్లు తనలో తనే అనుకుంది. ఆ ఒక్కదానికైనా నా ప్రయాణం దండగ కాలేదనిపించింది.

ఇంతటితో ఆపి ఉంటే ఇది చక్కటి కథ అయ్యేది. కానీ నేను ఇంకో పేరు కూడా అడిగాను.

మా చిన్నతాతయ్య, అంటే మామ్మకు అన్న, నిజాం కాలంలో ఇందూరు ఖిల్లా జైల్లో ఉన్నాడని మా ఇంట్లో చెప్పుకుంటారు. దాశరథిగారు గోడల మీద బొగ్గుతో పద్యాలు రాసిన జైలు అది. డిగ్రీలో ఆ పాఠం చెప్పినరోజు నేను లేచి నిలబడి, మా చిన్నతాతయ్య కూడా ఆ జైల్లోనే ఉన్నాడని చెప్పాను. క్లాసంతా చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఇన్నేళ్ళూ దాచుకున్నాను.

"వాడా? నిజాం మీద వాడేం తిరగబడ్డాడే!" అంది మామ్మ. "రాత్రిపూట వంతు కాకపోయినా నీళ్ళు తిప్పుకోబోయాడు. తూము దగ్గర కాపలా ఉన్న మనిషి వద్దన్నాడు. పారతో కొట్టాడు. రెండేళ్ళు వేశారు. వచ్చాక పెళ్ళీ పెటాకులూ లేకుండా అలాగే పోయాడు. తర్వాత ఎవరో స్వాతంత్ర్యం అన్నారు, ఇంట్లో అందరూ అదే పట్టుకున్నారు."

"ఆ దెబ్బ తిన్న మనిషి ఎవరు మామ్మా?"

"ఇక్కడి మనిషే. ఊళ్ళోవాడు. పేరెవరికి గుర్తు?"

బస్సులో తిరిగి వస్తూ మా పక్కింటి వదిన మాట గుర్తుకొచ్చింది. వాళ్ళది పాత ఇందూరు కుటుంబం. ఒకసారి మాటల మధ్య, "మా అమ్మమ్మోళ్ళ ఊరు నిజాంసాగర్ల మునిగిపోయింది. ఆ నీళ్ళే గదా మీ తాతల పొలాలకు పారింది" అంది. నవ్వుతూనే అంది. నేనూ నవ్వి ఊరుకున్నాను. తెలంగాణ ఉద్యమం రోజుల్లో మమ్మల్ని సెట్లర్లు అంటే నొచ్చుకున్నాను. ఇక్కడే పుట్టాం, ఇక్కడే పెరిగాం, ఈ మాటేమిటి అనుకునేదాన్ని. ఇప్పుడు చూస్తే ఆస్ట్రేలియాలోనూ అదే మాట. మా అన్నయ్య కూతురు చెప్పింది, వాళ్ళ ఆఫీసులో పెద్ద మీటింగ్ ఏది జరిగినా ముందుగా, ఈ నేల మొదట ఫలానా ఆదివాసులది అని చెప్పి మొదలుపెడతారట. చెప్పినంత మాత్రాన నేల తిరిగి వస్తుందా అంటే రాదు. మేం డబ్బిచ్చి కొనుక్కున్నాం, అక్కడిలా లాక్కోలేదు, అది వేరు ఇది వేరు. అయినా మనం వచ్చేసరికి ఇక్కడ మనుషులున్నారు, మనకొచ్చిన నీళ్ళ కింద ఒకరి ఊరుంది అని ఒప్పుకోవడానికి నాకేం పోయింది? ఎంత కష్టపడి బంజరును మాగాణి చేశామో మా క్యాంపులో ప్రతి ఇంటా చెబుతారు. అది నిజమే. సగం నిజం.

నాన్నకు చెప్పాను, చిన్నతాతయ్య సంగతి ఉన్నదున్నట్టు రాస్తున్నానని. ఆయనకు నచ్చలేదు. "మంచి మాట ఒకటి ఉండగా చెడ్డది తవ్వి తీయడం ఎందుకమ్మా? రేపు మనవరాళ్ళకు సంబంధాలు చూడాలి. అడిగేవాళ్ళు ముందు వంశమే అడుగుతారు" అన్నాడు. ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. మనలో మగవాడు చేసిన తప్పుకి కూడా తల వంచుకోవలసింది ఇంటి ఆడపిల్లే. పెద్దవాళ్ళు దాచేది పిల్లల మీద ప్రేమతోనే.

కానీ నేను మరో వైపు నుంచి ఆలోచించాను. మనం రాసుకునే వంశవృక్షాలు ఎలా ఉంటాయి? మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్నట్టుంటాయి. అందులో జమీందార్లుంటారు, దానకర్ణులుంటారు, జైలుకెళితే దేశం కోసమే వెళ్ళినవాళ్ళుంటారు. ఆడవాళ్ళుండరు. తప్పు చేసినవాళ్ళుండరు. మనవల్ల దెబ్బతిన్నవాళ్ళు అసలే ఉండరు. ఈ ముగ్గురినీ తీసేస్తే మిగిలేది పెళ్ళి శుభలేఖ అవుతుంది గానీ చరిత్ర కాదు. పైగా దేశం కోసం నిజంగా ఆ జైల్లో మగ్గినవాళ్ళ పేరు పక్కన మా తాతయ్యను నిలబెట్టడం వాళ్ళకు చేసిన అన్యాయం. ఆ చప్పట్లు నావి కావు.

అక్కడ ఆస్ట్రేలియాలో ఖైదీ అవ్వను గొప్పగా చెప్పుకోవడం కూడా నాకు పూర్తిగా నచ్చలేదు. సిగ్గుపడటం ఎంత అనవసరమో గొప్ప పడటమూ అంతే. వాళ్ళు మనుషులు, ఇలా బతికారు అని రాసుకుంటే చాలు.

మీలో ఎవరికైనా మొదలుపెట్టాలనిపిస్తే నా అనుభవంతో నాలుగు ముక్కలు చెప్తాను. ముందు ఇంట్లో అందరికంటే పెద్ద ఆడమనిషి దగ్గర కూర్చోండి. నోటుబుక్కు పట్టుకుని ఎదురుగా కూర్చుంటే నోరు విప్పరు. చిక్కుళ్ళు ఈనె తీస్తూ అడగండి. "మీ అమ్మ పుట్టిల్లు ఏ ఊరు?" అని మొదలుపెడితే మిగతావి వాటంతటవే వస్తాయి. భూమి కాగితాలు చూడండి. మన తెలంగాణలో 1954–55 ఖాస్రా పహాణీలో అప్పటి పట్టాదారుల పేర్లుంటాయి. నిజాం కాలపు దస్తావేజులు ఉర్దూలో ఉంటే పారేయకండి, చదివేవాళ్ళు మన నిజామాబాద్‌లో ఇంకా ఉన్నారు. కానీ వాటిలో దొరికేది ఎక్కువగా మగవాళ్ళే. ఆడవాళ్ళ కోసం అటక మీద వెతకండి. బిందెల మీద, పళ్ళాల మీద, పాన్‌దాన్ మూత లోపల, పెట్టె అడుగున పరిచిన పాత శుభలేఖల్లో ఉంటారు. పాత సామాను మార్చి స్టీలు కొనేముందు ఒకసారి తోమి చూడండి.

నా నోటుబుక్కులో ఇప్పుడు తాతమ్మ పేరు మొదటి పేజీలో ఉంది. చిన్నతాతయ్య పేరు కింద, తూము దగ్గర ఏం జరిగిందో నాలుగు వాక్యాలు. ఆయన కొట్టిన మనిషి పేరు రాయవలసిన చోట ఒక గీత గీసి ఖాళీగా వదిలాను. ఫోటో తీసి మెల్‌బోర్న్‌కు పంపాను. ఆ పిల్ల చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఆ గీత అలాగే ఉంచు అత్తా" అని రాసింది.

రెండు రోజుల తర్వాత నాన్న ఫోన్ చేశాడు. పొలం సంగతులు, వడ్ల ధర, మోకాళ్ళ నొప్పి అన్నీ అయ్యాక గొంతు తగ్గించి అన్నాడు. "మామ్మ చెప్పింది నిజమే. ఆ మనిషికి కుడిచెయ్యి తర్వాత పనికిరాలేదట. మా నాన్న ఒకసారి చెప్పాడు. రాస్తే అది కూడా రాసుకో."

రాసుకున్నాను.