ఆవకాయ కాయకి చేసే విచారణ కాలేజీకి వద్దూ?



ఆవకాయ రోజుల్లో మనం కాయ ఎలా కొంటామో ఒక్కసారి గుర్తు చేసుకోండి. ముక్క కోయించి పులుపు చూస్తాం. టెంక ముదిరిందో లేదో చూస్తాం. నచ్చకపోతే ఇంకో బండి దగ్గరికి వెళ్తాం. ఏడాదంతా తినాల్సిన పచ్చడి మరి! సరిగ్గా అదే రోజుల్లో పదో తరగతి పూర్తయిన పిల్లని ఇంటర్ బైపీసీలో చేర్చాల్సి వస్తే మాత్రం, రంగుల కాగితం చూసి డబ్బు కట్టేస్తాం. ఎవర్నో దెప్పడానికి అంటున్న మాట కాదిది. నేను చేసిన పనే.

2022లో మా పెద్దమ్మాయి పదో తరగతి రాసింది. చిన్నప్పట్నుంచీ డాక్టరునవుతానని దాని పట్టు. పరీక్షలు అయ్యీ అవకముందే ఒక కాలేజీవాళ్ల మనిషి ఇంటికొచ్చాడు. "ఈ వారంలో కడితే ఫీజు తగ్గిస్తామండీ, తర్వాత సీట్లుండవు" అన్నాడు. కాగితం నిండా ర్యాంకులొచ్చిన పిల్లల ఫొటోలు. "ఒకసారి వెళ్లి చూసొద్దాం" అని మావారు అంటే, "చూసేదేముందండీ, ఇంతమందికి వచ్చాయిగా" అన్నదాన్ని నేనే.

హాస్టలు మా ఊరికి మూడు గంటల దూరం. తెల్లవారుజామున అయిదింటికి లేపితే మళ్లీ రాత్రి పదిన్నరకే పడక. వారం వారం పరీక్ష, ఆ మార్కుల్ని బట్టి సెక్షను మార్చడం. ఆదివారం అయిదు నిమిషాలు ఫోను. వెనక ఇంకో పదిమంది పిల్లలు నిలబడి ఉంటే మన పిల్ల ఏం చెప్పుకుంటుంది? "బాగున్నావా" అంటే "బాగున్నా" అనేది.

దసరాకి ఇంటికొచ్చినప్పుడు తల దువ్వుతుంటే దువ్వెన నిండా జుట్టు. నేను పంపిన సున్నుండల డబ్బా సగానికి సగం అలాగే తిరిగొచ్చింది. "అమ్మా, ఫిజిక్స్ అర్థం కావట్లేదు. అడిగితే, ముందు పై సెక్షనుకి రా, అప్పుడు అడుగుదువుగాని అన్నారు" అంది. "అందరూ చదవట్లేదా? కొంచెం ఓర్చుకో" అన్నాను. ఆ మాట తల్చుకుంటే ఇప్పటికీ గొంతులో ముద్ద దిగదు. సంక్రాంతికి వచ్చేసరికి పిల్ల మాట్లాడటమే మానేసింది. మొదటి ఏడాది పరీక్షలవగానే ఇంటికి తెచ్చేసుకున్నాం. ముందే కట్టిన డబ్బులో ఒక్క రూపాయి తిరిగి రాలేదు. రెండో ఏడాది మా ఊరి కాలేజీలోనే, ఇంట్లోంచి వెళ్లి చదువుకుంది.

అందుకే గత ఏడాది, 2025లో, మా చిన్నదాని వంతు వచ్చినప్పుడు ఆవకాయ కాయలు కొన్నట్టే వెతికాను. అప్పుడు తెలుసుకున్నవి మీకూ పనికొస్తాయని రాస్తున్నాను.

మొదటిది ర్యాంకుల లెక్క. కాగితం మీది ఫొటోలు అన్ని బ్రాంచీలవీ కలిపి వేసినవి అయ్యుండొచ్చు. మన పిల్ల కూర్చునేది ఒక్క బ్రాంచిలోనే. కాబట్టి, "ఈ బ్రాంచిలో పోయినేడు బైపీసీలో ఎంతమంది చేరారు? అందులో ఎంతమందికి ఎంబీబీఎస్ సీటు వచ్చింది? వాళ్లలో లాంగ్ టర్మ్ వాళ్లెందరు?" అని అడగండి. నసిగారంటే మనకి సమాధానం దొరికినట్టే. ఆ బ్రాంచికి ఇంటర్ బోర్డు గుర్తింపు ఉందో లేదో కూడా చూడండి. పిల్ల పేరు ఒక కాలేజీలో ఉండి, చదువు ఇంకోచోట సాగితే పరీక్షల వేళ తిప్పలు మనవే.

రెండోది ఫిజిక్స్. నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు. అందులో సగం, అంటే 360, బోటనీ జువాలజీలవి. ఫిజిక్స్‌కి 180, కెమిస్ట్రీకి 180. ఒప్పుకి నాలుగు మార్కులు, తప్పుకి ఒకటి కోత. లెక్కలంటే భయపడి బైపీసీ తీసుకున్న పిల్లలకి ఆ లెక్కలే ఫిజిక్స్‌లో మళ్లీ ఎదురొస్తాయి. మా పెద్దదానికి తగిలిన దెబ్బ అదే. అందుకని ఫిజిక్స్ చెప్పేదెవరు, ఆయన అక్కడ ఎన్నాళ్లుగా ఉన్నారు, సందేహాలు తీర్చడానికి విడిగా గంట ఉందా అని అడగండి. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు చదివిస్తున్నారా, లేక సొంత మెటీరియలుతోనే సరిపెడుతున్నారా అన్నది కూడా చూసుకోవాలి.

మూడోది స్థానికత. దీని సంగతి మనలో చాలామందికి తెలీదు. పేరున్న కాలేజీ అని పిల్లల్ని పక్క రాష్ట్రానికి పంపేస్తాం. 9, 10, ఇంటర్ రెండేళ్లు, ఈ నాలుగేళ్లు వరుసగా ఎక్కడ చదివారన్నది మెడికల్ సీట్ల లెక్కలోకి వస్తుంది. తెలంగాణలో ఈ నాలుగేళ్ల నియమాన్ని 2024లో గట్టి చేశారు. 2025లో సుప్రీంకోర్టు కూడా దాన్ని సమర్థించింది. హైదరాబాద్ పిల్లని విజయవాడకీ, విజయవాడ పిల్లని హైదరాబాద్‌కీ పంపేముందు విచారించుకోండి. ఆంధ్రవాళ్లు విజయవాడలోని ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ, తెలంగాణవాళ్లు వరంగల్‌లోని కాళోజీ హెల్త్ యూనివర్సిటీ ఇచ్చే నోటిఫికేషన్లు చూడాలి. మినహాయింపులేమైనా ఉంటే వాటిలోనే ఉంటాయి.

నాలుగోది డబ్బు. రెండేళ్ల ఫీజూ ఒక్కసారే కట్టకండి. వాయిదాల్లో కట్టి ప్రతిదానికీ రసీదు తీసుకోండి. మధ్యలో మానేస్తే ఎంత తిరిగిస్తారో కాగితం మీద రాయించుకోండి. పిల్లలు మధ్యలో మానేస్తే మిగిలిన రోజుల ఫీజు పది రోజుల్లో తిరిగివ్వాలని కోచింగ్ సెంటర్లకు కేంద్రం 2024 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ సంగతి మనకి తెలుసని వాళ్లకి తెలిస్తే మాటతీరు మారుతుంది. డబ్బుకి ఇబ్బందిగా ఉంటే గురుకుల జూనియర్ కాలేజీల్నీ చిన్నచూపు చూడకండి.

అయిదోది అన్నిటికన్నా ముఖ్యం. చేర్చే ముందు పిల్లని వెంటబెట్టుకుని వెళ్లండి. భోజనం వేళకి వెళ్లి, వాళ్లు పెట్టే అన్నం ఒక ముద్ద తిని చూడండి. స్నానాల గదులు చూడండి. అక్కడి పిల్లల మొహాలు చూడండి, ఏ బ్రోషరూ అంత నిజం చెప్పదు. విశాఖపట్నంలో నీట్‌కి చదువుతూ చనిపోయిన ఒక అమ్మాయి కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో విద్యాసంస్థలన్నిటికీ కొన్ని ఆదేశాలిచ్చింది. 100 మంది, అంతకుమించి పిల్లలున్నచోట అర్హత ఉన్న కౌన్సిలర్ ఒకరైనా ఉండాలి. మార్కుల్ని బట్టి బ్యాచిలుగా విడదీయడం, నలుగురిలో అవమానించడం వీలైనంతవరకు మానాలి. "మీ కౌన్సిలర్ ఎవరండీ? ఒకసారి మాట్లాడొచ్చా?" అని అడగడానికి మొహమాటపడకండి. పిల్ల దిగులుగా ఉంటే మనమూ, పిల్లా కూడా 14416కి ఫోన్ చేయొచ్చు. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్, డబ్బేమీ తీసుకోరు.

ఇంతా చేసి చిన్నదాన్ని ఎక్కడ చేర్చామంటారా? ఇంటి నుంచి సైకిలు మీద వెళ్లి వచ్చేంత దూరంలో ఉన్న కాలేజీలోనే. పెద్ద పేరేమీ లేదు. ఫిజిక్స్ మాస్టారు బాగా చెబుతారు, సాయంత్రం ఓ గంట సందేహాలకి కూర్చుంటారు. అందరికీ ఇంటి చదువే మంచిదని నేననను. హాస్టల్లోనే హాయిగా చదువుకునే పిల్లలూ ఉన్నారు. మీ పిల్ల ఎలాంటిదో మీకన్నా ఎవరికి తెలుసు?

పెద్దదానికి మెడిసిన్ సీటు రాలేదు. 2024లో ఈఏపీసెట్ ర్యాంకుతో బాపట్ల వ్యవసాయ కళాశాలలో బీఎస్సీలో చేరింది. పోయిన సెలవులకొచ్చి మా పెరట్లో కరివేపాకు చెట్టుకి పట్టిన పురుగు పేరేమిటో, దానికి మందేమిటో చెబుతుంటే దాని మొహం చూశాను. మూడేళ్ల కిందటి పిల్లేనా ఇది అనిపించింది. సున్నుండల డబ్బా రెండో రోజుకే ఖాళీ.

ఈ వేసవిలో మీ గుమ్మంలోకీ ఎవరో ఒకరు రంగుల కాగితం పట్టుకుని వస్తారు. మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టండి, చెప్పేది వినండి. డబ్బు మాత్రం కళ్లారా చూశాకే కట్టండి.

ఉంటాను మరి.