అద్దె ఇంటి తాళంచెవి



బేతంచెర్లలో నాపరాయి పాలిషు పనిచేసి కూడబెట్టి, మేడమీద రెండు గదులు వేసుకున్న విశ్వాసులున్నారు. మొదటిసారి అద్దెకిచ్చేటప్పుడు ఒప్పందం స్టాంపు కాగితంపై వ్రాయించండి. దానిని రిజిస్టరు చేయించండి. అడ్వాన్సుకు రసీదు ఇవ్వండి. కరెంటు మీటరు అంకె ఇరువురూ చూచి వ్రాసుకోండి.

అయితే గడపలో నిలిచినవారిని "మీరేమోళ్లు?" అని అడుగవద్దు. ఆ ప్రశ్నకు తలవంచుకొని, ఎండలో భార్యాబిడ్డలతో వెనుదిరిగిన వారము మనమే గదా! నేనూ విన్నాను. ఇప్పుడు తాళంచెవి మన చేతికి వచ్చింది.

అపొస్తలుడైన పౌలు రోమాలో రెండేండ్లు అద్దె ఇంటనే ఉండి, వచ్చిన వారినందరినీ చేర్చుకున్నాడు (అపొ. కార్య. 28:30). అద్దెకున్నవాడే తలుపు తెరచి ఉంచగా, ఇంటివారమైన మనము మూయవచ్చునా?

ప్రభువు మీ గృహములను దీవించును గాక!